నాంపల్లి ఓట్లు

మా అమ్మ వార్డు మెంబరుగా నామినేషన్ వేసిందని నాకు ఫోన్‌లో తెలిసింది. అప్పుడు నేను ఆబిడ్స్‌లో, మూడో అంతస్తులో ఉన్న మా ఆఫీసులో, ఏదో కాలనీకి వేయబోయే డ్రైనేజీ లైన్ డ్రాయింగ్ సరిచూస్తున్నాను. నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. నీళ్లు ఎటు పోవాలో గీయడం నా ఉద్యోగం. అమ్మ నిలబడింది కూడా నీళ్లు ఎటు పోవాలన్న దాని గురించే.

మా ఊరు చెరువును ఆనుకుని ఉంటుంది. మా వాడ మరీ కట్ట కిందే. చెరువు నిండి మత్తడి దుంకితే, అంటే అలుగు పారితే, ఆ నీళ్లు ఒక కాలువలో పడి, మా ఇండ్ల వెనక నుంచి వాగులోకి పోవాలి. ప్లాట్లు చేసి అమ్మే ఒకాయన ఆ కాలువ మొదట్లో ట్రాక్టర్లతో మట్టి పోయించాడు. కిందటి వానాకాలం నీళ్లకు దారి దొరక్క మా వంటింట్లోకి వచ్చాయి. నాయన కాళ్లు పైకి పెట్టుకుని మంచం మీద కూర్చుంటే, అమ్మ బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని పక్కింటి మిద్దె ఎక్కింది. ఇప్పుడు ఆ కాలువ మీదుగా సిమెంటు రోడ్డు వేయాలని పంచాయతీలో మాట నడుస్తోంది. రోడ్డు పడిందంటే కాలువ ఇక తెరుచుకోదు. మా వార్డు ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. ప్లాట్లాయన తన భార్యను నిలబెట్టాడు. వాడలో చేపలమ్మే ఆడవాళ్లంతా కూర్చుని మా అమ్మను నిలబెట్టారు.

"ఊరు నేను చూసుకుంట. నాంపల్లి ఓట్లు నువ్వు చూడు బిడ్డా," అంది అమ్మ.

మా వార్డులో ఉన్నవే నూట ఇరవై చిల్లర ఓట్లు. అందులో పాతిక దాకా హైదరాబాద్‌లోనే ఉన్నాయి, అదీ దాదాపు అందరూ నాంపల్లి చుట్టుపక్కలే. ముందు వచ్చిన వాళ్లు ఒక గదిలో దిగారు, తర్వాత వచ్చిన వాళ్లకు ఆ పక్క గది చూపించారు, అట్లా ఒక గల్లీ సగం మా వాడే అయింది. మొజంజాహీ మార్కెట్లో పండ్ల డబ్బాలు దించేవాళ్లు, హోటళ్లలో వంట చేసేవాళ్లు, బ్యాంకుల ముందు కుర్చీ వేసుకుని కూర్చునే సెక్యూరిటీ వాళ్లు. రేషన్ కార్డు, ఓటు మాత్రం ఊళ్లోనే. పంచాయతీ ఎన్నికలొస్తే ఊళ్లో నిలబడ్డ వాళ్లు నాంపల్లి వచ్చి గడప గడప తిరగడం మామూలే. ఈసారి ఆ తిరగడం నా మీద పడింది.

నేను పనిని ముక్కలు చేసుకుంటే తప్ప మొదలుపెట్టలేను. మొదట అభ్యర్థుల కోసం ఇచ్చే నిబంధనల పుస్తకం డౌన్‌లోడ్ చేసుకుని రెండుసార్లు చదివాను. ఓటర్లకు బండి పెట్టకూడదు. ఏ వస్తువూ ఇవ్వకూడదు. ఈ రెండు మాటల దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే బండి పెట్టకుండా ఎవరైనా గెలిచినట్టు మా ఊళ్లో నేను వినలేదు. తర్వాత వార్డు ఓటర్లను ఖాయం, అనుమానం, కాదు అని మూడుగా విడదీశాను. ఊళ్లో ఉన్న మా వాడ వాళ్లందరినీ ఆలోచించకుండా ఖాయంలో వేశాను. నాంపల్లి వాళ్లందరినీ అనుమానంలో వేశాను. అటు తర్వాత వాళ్ల ఇండ్లు, పనిచేసే చోట్లు ఫోన్‌లో మ్యాపు మీద గుర్తు పెట్టుకుని, తక్కువ నడకతో ఎక్కువ మందిని కలిసేలా ఒక దారి గీసుకున్నాను.

ఆ దారి ప్రకారం మొదట వచ్చింది స్టేషన్ రోడ్డులో మిర్చి బండి పెట్టుకున్న కాక, నాయనకు తమ్ముడి వరుస. నా గదికి ఆయన బండే దగ్గర. నన్ను చూడగానే బండి వెనక స్టూల్ వేశాడు, మిర్చి పెట్టాడు, పక్క కొట్టు నుంచి చాయ్ తెప్పించాడు. అమ్మ ఎన్నికల గుర్తు కూడా స్టూలేనని తెలిసి దాన్ని తట్టి నవ్వాడు. మా ఇంటి ఓట్లు వదినెకే అని చెప్పాడు. అక్కడి నుంచి మార్కెట్, అక్కడి నుంచి గల్లీలోని గదులు. అందరూ బాగానే మాట్లాడారు. చివరగా గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు దగ్గర సెక్యూరిటీగా చేసే పెద్దనాయిన మిగిలాడు. ఆయన కాకకు సొంత అన్న. గల్లీలో ఉన్న మా వాళ్లలో నాలుగు ఇండ్లు ఆయన తమ్ముళ్లవి, చిన్నాయనల కొడుకులవి. ఆయన ఉండేది కూడా ఆ గల్లీలోనే, కానీ పగలు డ్యూటీలో దొరుకుతాడని బ్యాంకు దగ్గర గుర్తు పెట్టాను. మ్యాపులో అన్నిటికంటే దూరం ఆ బ్యాంకే.

నేను వెళ్లేసరికి ఆయన ఏటీఎం పక్కన కుర్చీలో ఉన్నాడు. నమస్తే పెట్టాను. లేవలేదు.

"అయిపోయిందా తిరుగుడు?"

"అయిపోయింది పెద్దనాయినా. మీరే ఆఖరు."

"ఔ. తెలుస్తనే ఉన్నది," అన్నాడు. "మా తమ్ముని కాడ మిర్చి తిన్నవట, చాయ్ తాగినవట. ఇగ నాతోని ఏం పని? ఆయననే పెద్దమనిషని రాస్కో."

అప్పుడు అర్థమైంది. మాలో ఏ పని మీద పోయినా, పెళ్లి చెప్పడానికైనా, చావు చెప్పడానికైనా, అన్న గడప తొక్కకుండా తమ్ముడి గడప తొక్కరు. ఈ మాట నాకు తెలియనిది కాదు. మ్యాపు గీసుకునేటప్పుడు గుర్తు రాలేదంతే. నేను కంగారులో ఫోన్ తీసి, ఇది దూరాన్ని బట్టి వేసుకున్న దారి పెద్దనాయినా, మనిషిని బట్టి కాదు అని చెప్పబోయాను. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని ఎర్ర చుక్కలన్నీ శ్రద్ధగా చూశాడు.

"గిండ్ల ఎవడు పెద్దోడో, ఎవడు చిన్నోడో చూపియ్యదా?"

చూపించదన్నాను. ఫోన్ తిరిగి ఇచ్చి, బ్యాంకులోకి వస్తున్న ఒకామెకు తలుపు తీయడానికి లేచాడు.

తర్వాతి వారం ఎట్లా గడిచిందో చెప్పడం కష్టం. పనిలో ఉన్నా ఫోన్ వైపే చూపు. మొదట బాగా మాట్లాడిన వాళ్లు ఒక్కొక్కరుగా మాట మార్చారు. ఒకాయన సెలవు ఇవ్వరేమో అన్నాడు. ఇంకొకాయన చూద్దాం అన్నాడు. మూడో ఆయన ఫోన్ ఎత్తి, నా గొంతు విని, పక్కన ఎవరికో ఇచ్చేశాడు. ఆఫీసులో ఒక డ్రాయింగ్‌లో వాలు తిరగేసి గీశాను. మీ ఊళ్లో నీళ్లు గుట్ట ఎక్కుతాయా అని మా సారు అడిగారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే కాక ఫోన్ చేసి, పోలింగ్ రోజు పొద్దున ప్లాట్లాయన జీపు మా గల్లీ మొదట్లోకి వస్తుందట, ఎవరెక్కినా తీసుకుపోతుందట అని చెప్పాడు. "మా అన్న నాతోని గూడ మాట్లాడుతలేడు. నువ్వు నన్ను ఇరికిచ్చినవ్ రా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, నిజమే.

అమ్మకు చెప్పక తప్పలేదు. అంతా విని, "మ్యాపు చూసి పోయినవా?" అని మాత్రం అడిగింది.

ఆదివారం పొద్దున బండికి ఆమే వచ్చింది. నాంపల్లి స్టేషన్‌లో దిగేసరికి చంకలో తట్ట ఉంది. తట్టలో తడి గోనెసంచి, దాని కింద మా చెరువు బొచ్చె చేపలు.

"ఇవి ఎవరికి?"

"మీ పెద్దనాయిన ఇంటికి. ఒట్టి చేతులతోని పోతమా?"

"అమ్మా, ఏదీ ఇవ్వకూడదు. రూలు."

"చేప ఇచ్చుడు గూడ తప్పేనా?"

"తప్పే. ఎవరన్నా ఫోటో తీసి పెడితే నామినేషన్ మీదికి వస్తది."

అమ్మ తట్ట కింద పెట్టింది. జనం మమ్మల్ని తప్పుకుంటూ పోతున్నారు. "ముప్పై ఏండ్ల సంది చేపలు అమ్ముతున్న. అమ్మితే తప్పా?"

ఆలోచించాను. పుస్తకంలో ఎక్కడా లేదు. "అమ్మితే తప్పు లేదు. అందరికీ అమ్మే రేటుకే అమ్మాలె," అన్నాను.

"సరె, అమ్ముత," అని తట్ట ఎత్తుకుంది. నేను పట్టుకుంటానంటే, నడక రాని వాడి చేతికి ఇస్తే చేపలు మ్యాపు చూసుకుంటూ పోతాయని అంది.

పెద్దనాయిన ఇల్లు గల్లీ చివర రెండు గదులు. ఆయన బనీను మీద ఉన్నాడు, మమ్మల్ని చూసి చొక్కా వేసుకున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. అమ్మ లోపలికి పోయి పెద్దమ్మకు బొట్టు పెట్టింది. బయటికి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"బావా, పోరనికి చదువు చెప్పిచ్చిన గని వరుస చెప్పియ్యలే. తప్పు నాది. కోపమొస్తే నా మీద పడు, గల్లీల వాళ్ల మీద పడకు."

అమ్మ గోనెసంచి తీసింది. పెద్దమ్మ వచ్చి ఒక చేపను తోక పట్టి లేపి, మన చెరువుదే అని వాసన చూసి చెప్పింది. ఎన్నాళ్లయిందో తిని అంది. చేప ఇంకా ఆమె చేతిలోనే ఉండగా అమ్మ కిలో ధర చెప్పింది.

నేను నేల వైపు చూశాను. ఈ మాట ఇట్లా వినిపిస్తుందని స్టేషన్‌లో నాకు తట్టలేదు.

"ఓట్లకని వచ్చి చేపల పైసలడిగే మనిషిని నేను గిప్పుడే చూస్తున్న," అన్నాడు పెద్దనాయిన.

"నేనేం జేద్దు బావా? వీడు ఊకె ఇయ్యొద్దంటుండు. రూలట."

పెద్దమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. తగ్గించమని ఆమె బేరం మొదలుపెట్టింది. అమ్మ నా వైపు చూసింది. తగ్గిస్తే అది కూడా ఇచ్చినట్టే అవుతుందని నేను అడ్డంగా తలూపాను. అది చూసి పెద్దమ్మ పగలబడి నవ్వింది. పెద్దనాయిన మాత్రం నవ్వలేదు. లోపలికి పోయి పైసలు తెచ్చి, లెక్క సరిగా అమ్మ చేతిలో పెట్టాడు. మేం బయల్దేరుతుంటే, బొట్టు పెట్టినవ్, మంచిది, చూద్దాం అన్నాడు. ఓటు గురించి ఒక్క మాట లేదు.

తిరిగి స్టేషన్‌కు నడుస్తుంటే, చూద్దాం అంటే ఏమిటని అమ్మను అడిగాను. చూద్దాం అంటే చూద్దామనే అంది. ఆ ఇంటిని ఏ గుంపులో వేయాలో నాకు తెలియలేదు.

పోలింగ్ ఏడింటి నుంచి ఒంటిగంట దాకానే. ఒంటిగంట దాటితే గేటు మూస్తారు. పొద్దున్నే నాంపల్లిలో బయల్దేరే ప్యాసింజర్ ఎక్కి, మా హాల్టులో దిగి, ఆటోలు పట్టుకుంటే సమయానికి చేరతాం, బండి మధ్యలో ఎక్కడా ఆగకపోతే. ఆ 'పోతే' గురించి రాత్రంతా నిద్ర లేదు. అందరం ఎవరి టికెట్టు వాళ్లు కొనుక్కుని పోదామని ముందే చెప్పి ఉంచాను. గల్లీ మొదట్లో జీపు ఊరికే నిలబడి ఉంటే, టికెట్టు కొనుక్కుని నా వెనక ఎవరొస్తారు?

ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. కాక, ఆయన భార్య మొదట వచ్చారు. హోటల్లో వంట చేసే ఇద్దరు వచ్చారు. మార్కెట్ నుంచి ఒకాయన, చేతికి ఇంకా గడ్డి అంటుకుని ఉండగానే వచ్చాడు. అంతే. గార్డు డబ్బా దగ్గర ఎవరో జెండా విప్పుతున్నారు. కాక నా భుజం మీద చెయ్యి వేసి, ఎక్కుదాం పా అన్నాడు. నేను గేటు వైపే చూస్తున్నాను.

అప్పుడు వచ్చారు. ముందు పెద్దనాయిన, రాత్రి డ్యూటీ దిగి గల్లీకి పోయి అందరినీ వెంటేసుకుని, అదే సెక్యూరిటీ యూనిఫారంలో. వెనక పెద్దమ్మ. ఆమె వెనక ఆ నాలుగు ఇండ్ల వాళ్లు, నిద్ర మొహాలతో, పరుగులాంటి నడకతో. అందరం ఒకే డబ్బాలోకి తోసుకుంటూ ఎక్కాం. ఆయన ఊపిరి తిరిగాక అన్నాడు:

"జీపాయన చెయ్యి గుంజిండు. వదలడే. చేపలు కొనుక్కొని తిన్నోళ్లం, మేం ఎవనికీ బాకీ లేం, ఎవని బండీ ఎక్కం అని చెప్పి వచ్చిన."

అందరూ నవ్వారు. కాక కూడా నవ్వాడు, అది చూసి అన్న కొంచెం జరిగి ఆయనకు చోటిచ్చాడు. నాకు మాత్రం నవ్వు సగంలో ఆగింది. ఎవరికీ బాకీ లేమంటే అందులో మేం కూడా ఉన్నట్టే కదా.

బండి మధ్యలో ఒకచోట సిగ్నల్ కోసం చాలాసేపు ఆగింది. నేను తలుపు దగ్గర నిలబడి పట్టాల వైపు చూస్తూ ఉన్నాను. కూర్చో బిడ్డా, నువ్వు నిలబడితే బండి కదలదు అంది పెద్దమ్మ. చివరికి గేటు మూయడానికి గంటన్నర ముందే పోలింగ్ పెట్టిన బడి దగ్గరికి చేరాం. అందరూ ఓటేశారు. ఒక్కరూ తప్పలేదు. పెద్దనాయిన యూనిఫారంలో ఉంటే కొత్తగా వచ్చిన పోలీసనుకుని ఒక ముసలామె ఆయనను లైను ఎటు అని అడిగింది, ఆయన చూపించాడు.

రెండింటికి లెక్కింపు మొదలైంది. వార్డు మెంబర్ల తెల్ల బ్యాలెట్ కాగితాలు ముందు తీశారు. నేను బడి గోడ బయట వేపచెట్టు నీడలో నిలబడ్డాను. లోపల కూర్చున్న మా ఏజెంటు కిటికీలోంచి చేత్తో సైగ చేస్తానన్నాడు. ఆ చెయ్యి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు అరచేయి కిందికి తిప్పి ఉంది.

తొమ్మిది ఓట్ల తేడాతో అమ్మ ఓడిపోయింది.

నా బుర్ర వెంటనే లెక్కలోకి దిగింది. నాంపల్లి వాళ్లందరూ మనకే వేసి ఉంటే, ఊళ్లో ఖాయం అనుకున్న వాళ్లలో ఇంతమంది వేయలేదన్నమాట. నాంపల్లి వాళ్లలో సగమే వేసి ఉంటే ఊళ్లో వాళ్లు ఇంతమంది వేసినట్టు. రెండు వైపుల నుంచీ లెక్క సరిపోతుంది. ఏది నిజమో ఎప్పటికీ తేలదు. ఎదురుగా మా పక్కింటామె నిలబడి అయ్యో అంటోంది. వానలో అమ్మ బియ్యం డబ్బాతో ఎక్కింది వాళ్ల మిద్దే. ఈమె వేసిందా? నేను ఆమె ముఖంలో చూస్తున్నది అదేనని అమ్మకు తెలిసిపోయింది. నన్ను చెయ్యి పట్టి గోడ అవతలికి తీసుకుపోయింది.

"ఎవరు ఏసిన్రు, ఎవరు ఎయ్యలే అని లెక్క తియ్యకు. రేపు పొద్దుగాల వీళ్ల గడపలకే పోవాలె నేను. నువ్వు తీసిన లెక్క నా మొఖం మీద కనపడతది."

"మరి కాలువ?"

"ఓడినోళ్లు కాలువ అడగొద్దని నీ పుస్తకంల ఉన్నదా?"

లేదన్నాను. గ్రామసభలో వార్డు ఓటరు ఎవరైనా లేచి అడగవచ్చు, రోడ్డు తీర్మానం అక్కడే చదవాలి, అడిగింది రాసుకోవాలి అని చెప్పాను. ఎంతమంది లేస్తే అంత బలం. అమ్మ కళ్లు తుడుచుకుంది. అప్పటిదాకా ఆమె ఏడ్చిందని నేను గమనించలేదు. ఇంతలో గెలిచిన వాళ్ల డప్పులు మా వాడ వైపే వచ్చాయి.

సాయంత్రం బండికే తిరుగు ప్రయాణం. అందరికీ తెల్లారితే డ్యూటీలే. హాల్టులో ఒకే సిమెంటు బెంచీ. ఆడవాళ్లు కూర్చున్నారు, మిగతావాళ్లం నిలబడ్డాం. మేం మీకే వేశాం అని ఎవరైనా ముందుగా అంటే, అననివాళ్లు వేయనట్టు అవుతుంది. అందుకని ఎవరూ అనలేదు. బండెక్కాక పెద్దనాయిన నా పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తూ, మెల్లగా అడిగాడు.

"నీకు మా మీద అనుమానమున్నదా?"

"లేదు పెద్దనాయినా," అన్నాను. ఉంది.

"నాకైతే పొద్దటి సంది ఒకటే ఫికర్. ఓడిపోతే నువ్వు మమ్మల్నే అనుకుంటవని."

ఆయన జేబులోంచి డ్యూటీ విజిల్ తీసి అటూ ఇటూ తిప్పి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఊరు దాటి కొంతదూరం వచ్చాక ఆయన ఫోన్ మోగింది. ఆయన ఔ, ఔ అని విన్నాడు. పెట్టేశాక పెద్దమ్మ వైపు చూసి, మరదలు చేసింది అన్నాడు. కాసేపటికి ఎదురు సీటులో కాక ఫోన్ మోగింది. తర్వాత డబ్బా అవతలి చివర హోటల్ వాళ్లలో ఒకరిది. తర్వాత మార్కెట్ ఆయనది. అమ్మ ఒక్కొక్కరికీ చేస్తోంది. ప్రతి ఒక్కరినీ అడుగుతున్నది ఒకటే: మళ్లా సెలవు ఎప్పుడు దొరుకుతది, గ్రామసభ రోజు వచ్చి కాలువ గురించి లేచి నిలబడతరా.

డబ్బాలో అప్పుడు మాటలు మొదలయ్యాయి. గ్రామసభ ఎప్పుడు పెడతారో తెలియదు కానీ, ఏ వారమైతే బాగుంటుందన్న దాని మీదే గొడవ. ఆదివారమైతే బ్యాంకు సెలవు అన్నాడు పెద్దనాయిన. ఆదివారం గిరాకీ వదిలి బండి మూసుకుంటే నువ్వు పెడతవా అన్నం అన్నాడు కాక. మార్కెట్ ఆయన, మార్కెట్ బందుండే అమావాస్య అయితే తప్ప నాకు కుదరదన్నాడు. ఇంజనీరు నువ్వు చెప్పు అని అందరూ నా వైపు తిరిగారు. ఏ రోజు చెప్పినా ఎవరో ఒకరు రారు. రాకపోతే కాలువ మూసుకుపోతుంది. నేను ఫోన్ తీసి ఎవరికి ఏ రోజు సెలవో అడగడం మొదలుపెట్టాను. నాంపల్లి వచ్చేదాకా ఒక్క రోజు కూడా అందరికీ కుదరలేదు.